స్వభావోక్తి: ఒక సైకిలు, ఒక పెన్సిలు

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయునికి మిగిలేవి రెండే చోట్లు, ఒకటి వీధి అరుగు, రెండవది వైద్యుని వాకిలి అని మా మిత్రబృందంలో ఒక ఛలోక్తి. నేను మూడవ చోటు ఒకటి వెదుక్కున్నాను. అది కాలువగట్టు. తెల్లవారుజామున కాఫీ తాగి, పాత సైకిలు కారియరుకు పరీక్ష అట్ట ఒకటి తాడుతో కట్టి, జేబులో రెండు పెన్సిళ్ళు, ఒక బ్లేడు, ఒక రబ్బరు వేసుకొని, రాజమహేంద్రవరం నుండి ధవళేశ్వరం మీదుగా కడియం వైపు సాగే కాలువ వెంట వెళతాను. ఎక్కడ మనసు ఆగితే అక్కడ స్టాండు వేసి, ఎదుట ఉన్నదానిని గీస్తాను. ఎండ ముదరకముందే ఇల్లు చేరుతాను.

గీస్తాను అన్నానే గాని, నాకు గీత రాదు. ఈ మాట వినయానికి చెప్పడం లేదు. ముప్పై ఏళ్ళకు పైగా నల్లబల్ల మీద పద్యపాదాలకు గణవిభజన చేసిన చేయి ఇది. గురువుకొక వంపు గీత, లఘువుకొక నిలువు గీత. నాకు వచ్చిన గీతలు ఆ రెండే.

తొలిరోజు ఇంట్లో కూర్చొని నా సైకిలునే గీద్దామనుకున్నాను. పదేళ్ళ వయసులో ఫ్రేములో కాలు దూర్చి తొక్కడం నేర్చిన నాటి నుండి నాకు తెలిసిన వాహనం గదా, చూడవలసిన పని ఏమున్నదని చూడకుండానే గీశాను. మా మనుమరాలు కాగితం చూసి కిలకిల నవ్వింది. "తాతయ్యా, నీ సైకిలు మలుపు తిరగదు" అంది. నిజమే. ముందు చక్రాన్నీ వెనుక చక్రాన్నీ ఒకే గొట్టంతో బిగించేశాను. చైనును రెండు చక్రాలకూ చుట్టబెట్టాను. అర్ధశతాబ్దం పైగా ఎక్కి తొక్కిన వస్తువు ఎలా ఉంటుందో నాకు తెలియదు!

ఇది నా ఒక్కడి తెలివితక్కువ కాదని తరువాత చదివి ఊరట చెందాను. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన రెబెక్కా లాసన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 2006లో ప్రచురించిన ఒక పరిశీలనలో, సైకిలు బొమ్మలో ఫ్రేము, పెడళ్ళు, చైను ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పమంటే చాలామంది నావంటి తప్పులే చేశారట. సైకిలు తొక్కేవారిలోనూ కొందరు పొరబడ్డారట. వాడటం వేరు, చూడటం వేరు అన్నమాట.

పాఠక మహాశయులు నన్ను క్షమించాలి. నా సైకిలు ముచ్చట్లు చెప్పడానికి ఇదంతా మొదలుపెట్టలేదు. నా మనసులో ఒక బరువున్నది. అది దించుకోవాలని ఈ నాలుగు మాటలు.

ఉద్యోగం నుండి దిగిపోయే ముందు పాఠశాలలో నా బీరువా ఖాళీ చేస్తుండగా, పాత ప్రశ్నపత్రాల అడుగున ఒక నోటుపుస్తకం దొరికింది. అట్ట చిరిగిపోయింది. పేరు లేదు, తరగతి లేదు, సంవత్సరం లేదు. పాఠం వినకుండా బొమ్మలు వేస్తున్నాడని ఎప్పుడో ఒక విద్యార్థి దగ్గర లాక్కున్న పుస్తకం అది. పుట తిప్పితే పైన "అలంకారాలు, పునశ్చరణ" అని ఉంది. దాని కింద "స్వభావోక్తి: జాతి గుణ క్రియాదులను ఉన్నవి ఉన్నట్లుగా" అని రాసి, వాక్యం అక్కడే ఆపివేశాడు. మిగిలిన పుటంతా నా బొమ్మ. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకొని, ఎడమచేయి బల్ల మీద ఆనించి, కుర్చీ వీపుకు గొడుగు తగిలించి, నోరు సగం తెరచి నిలుచున్న నేను. ఎగతాళి బొమ్మ కాదు. ఉన్నది ఉన్నట్లు వేశాడు. నేను అలాగే నిలుచుంటానని ఆ బొమ్మ చూసే వరకు నాకు తెలియదు.

స్వభావోక్తికి నేను తరగతి గదిలో చెప్పిన ఉదాహరణ ఏమిటో తెలుగు పండితులందరికీ తెలుసు. వనంలో జింకలు, నిక్కించిన చెవులు, బెదురు చూపులు. ఏ సంవత్సరం చూసినా అవే జింకలు. నేను జంతుప్రదర్శనశాలలో తప్ప జింకను చూచి ఎరుగను, నా విద్యార్థులలో చాలామంది అక్కడ కూడా చూసి ఉండరు. కిటికీ అవతల మేకలు, పిచ్చుకలు, అరటిపళ్ళ బండి ఉన్నా వాటివైపు చూడమని ఒక్కనాడూ చెప్పలేదు సరిగదా, చూసినవానిని దండించాను. ఆ నోటుపుస్తకం కుర్రవాడు పాఠం వినకపోవడం కాదు, పాఠాన్ని పూర్తి చేశాడు. నిర్వచనం నాది, లక్ష్యం వాడిది.

ఆలంకారికులలో ఈ స్వభావోక్తి గురించి పెద్ద వాదమే ఉంది. దండి తన కావ్యాదర్శంలో దీనికి జాతి అని మరో పేరు చెప్పి, అలంకారాలన్నింటిలో మొదటి స్థానమిచ్చాడు. కుంతకుడు వక్రోక్తిజీవితంలో దీనిని అలంకారమే కాదన్నాడు. వస్తువు స్వభావమే అలంకారమైతే ఇక అలంకరించవలసినది ఏమి మిగులుతుందని ఆయన ఆక్షేపణ. చదువుకునే రోజులలో నేను కుంతకుని పక్షం. ఉన్నది ఉన్నట్లు చెప్పడంలో గొప్ప ఏమిటి అనుకునేవాణ్ణి. కాలువగట్టున పెన్సిలు పట్టుకొని కూర్చున్నాక దండి పక్షానికి మారిపోయాను. ఉన్నది ఉన్నట్లు చూడటం కన్న కష్టమైన పని మరొకటి నాకు కనబడలేదు.

ఉదాహరణకు తాటిచెట్టు. నిటారుగా నిలుచున్న తాళవృక్షాలని ఎన్ని వ్యాసాలలో రాయించానో! గట్టు మీద వరుసగా ఏడు తాళ్ళు గీశాను. ఒక్కటీ నిటారుగా లేదు. అలాగే దృష్టాంతాలంకారం చెబుతూ బింబప్రతిబింబ భావం అనే మాట కొన్ని వందల సార్లు ఉచ్చరించి ఉంటాను. ప్రతిబింబమంటే బింబాన్ని తలకిందులు చేసినదేనని నా నమ్మకం. కాలువ మీది చిన్న వంతెనను అలాగే తలకిందులుగా గీస్తే బొమ్మ తప్పిపోయింది. నీళ్ళవైపు మళ్ళీ చూశాను. గట్టు మీద నిలుచున్న నాకు వంతెన పైభాగం కనబడుతున్నది, నీటిలో మాత్రం దాని అడుగుభాగం కనబడుతున్నది. తెల్లని గోడ నీడలో కొంచెం మసకబారింది, నల్లని చెట్టు కొంచెం తేలికపడింది. బింబం వేరు, ప్రతిబింబం వేరు. పొగడపూలు వాడినా వాసన పోదని పుస్తకంలో చదివి పిల్లలకు చెప్పినవాణ్ణి, మా పాఠశాల ప్రహరీకి ఆనుకొని ఒక పొగడచెట్టు ఉన్నదని పెన్సిలు పట్టాకనే తెలుసుకున్నాను.

ఇప్పుడు అసలు నేరం చెబుతాను. ఆ పుటలోని "పునశ్చరణ" అనే మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నా పీరియడులో నేను పునశ్చరణ చేయించేవాణ్ణి కాను, పాఠం పూర్తి కావడమే గగనం. జనవరి దాటిన తరువాత డ్రాయింగు మాస్టారి పీరియడు అడిగి తీసుకొని అందులో చేయించేవాణ్ణి. అంటే ఆ పిల్లవాడు బొమ్మ వేసినది డ్రాయింగు పీరియడులోనే! కాలపట్టిక ప్రకారం తప్పు దారిన ఉన్నది నేను. పుస్తకం లాక్కున్నదీ నేనే.

"మాస్టారూ, మీ పీరియడు నాకిస్తారా?" అని అడిగితే ఆయన ఏనాడూ కాదనలేదు. సుద్దముక్కల డబ్బా పట్టుకొని ఉపాధ్యాయుల గదికి వెళ్ళి కూర్చునేవారు. లెక్కలవారూ సామాన్యశాస్త్రం వారూ అలాగే తీసుకునేవారు. తిరిగి ఇచ్చినవారెవరూ లేరు. అప్పు అని పేరే గాని, అది తీర్చని అప్పు.

చిత్రకళ మన చదువుకు పరాయిది కాదు. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయ ఖండంలో మార్కండేయుడు వజ్రునికి చిత్రసూత్రం బోధించాడు. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్యలో రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అని చిత్రానికి ఆరు అంగాలు చెప్పబడ్డాయి. అంత దూరం ఎందుకు, మా రాజమహేంద్రవరంలోనే ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా ఉండిన ఆంగ్లేయుడు ఆస్వాల్డ్ కూల్‌డ్రే, కుర్రవాళ్ళలో గీత ఉన్నవారిని గుర్తించి దగ్గరకు తీశాడు. ఆయన ప్రోత్సాహం వల్లనే దామెర్ల రామారావు బొంబాయిలోని జె.జె. కళాశాలకు వెళ్ళి చిత్రకారుడయ్యాడు. అడివి బాపిరాజు కూడా ఆయన శిష్యుడే. 1897లో పుట్టిన దామెర్ల 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండా, మశూచికంతో కన్నుమూశాడు. ఆయన చిత్రశాల ఈనాటికీ మా ఊళ్ళో ఉంది. ఆ కుర్రవాడి పుస్తకం కూడా కూల్‌డ్రే లాక్కొని బీరువాలో పెట్టి ఉంటే మనకు దామెర్ల ఉండేవాడా? ఈ ప్రశ్న నాకు నేనే వేసుకొని జవాబు చెప్పలేక ఊరుకున్నాను.

అందరు పిల్లలూ దామెర్లలు కారు గదా, లెక్కలూ సైన్సూ కదా అన్నం పెట్టేవి అంటారు. ఒప్పుకుంటాను. నేను చిత్రకారుల కోసం వాదించడం లేదు, చూపు కోసం వాదిస్తున్నాను. పత్రదళాన్ని చూసి గీసిన పిల్లవాడికి వృక్షశాస్త్రం సగం వచ్చినట్లే. సమాంతర రేఖలు దూరాన కలుస్తున్నట్లు కనబడటం రైలుపట్టాల దగ్గర కూర్చొని గీసినవాడికి రేఖాగణితం బోధపడినట్లే. ఫోనులో బొమ్మ తీసుకుంటే చాలదా అని మరికొందరు. ఫోను ఎదుటనున్న సమస్తాన్నీ క్షణంలో పట్టుకుంటుంది, అందువల్ల మనం దేనినీ చూడనక్కరలేదు. పెన్సిలు అలా కాదు. ప్రతి గీతకూ ముందు ఒకసారి తలెత్తి చూడమంటుంది.

చూపు పండితులకే ఉంటుందనుకోవడమూ భ్రమే. ఒకనాడు కాలువగట్టున మేకలను గీస్తుంటే వాటి యజమానురాలు వెనుక నుండి తొంగిచూసి, "చెవులు అలా నిక్కించుకోవండీ మా మేకలు, వాలి ఉంటాయి" అంది. చూద్దును గదా, మేకలకు నేను జింక చెవులు పెట్టాను! ఇన్నేళ్ళ ఉదాహరణ చేతిలోకి దిగిపోయింది. మరొకనాడు ఒక రైతు సైకిలు ఆపి, "సర్వే కోసం వచ్చారాండీ? ఈ చింతచెట్టు కొట్టేస్తారా?" అని ఆందోళనగా అడిగాడు. బొమ్మ వేసుకుంటున్నానంటే నమ్మలేదు. కాగితం చూపించాక, "కొట్టేసే లోపల బాగా వేసుకోండి" అని వెళ్ళిపోయాడు. కాగితం పట్టుకొని చెట్టువైపు ఎవరైనా చూస్తున్నారంటే అది నరకడానికే అయి ఉంటుందని అతని అనుభవం. చెట్టును ఊరకనే చూసేవారిని అతడు ఎరుగడు. ఆ తప్పు అతనిది కాదు, చూడటం నేర్పని మాది.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదవ తరగతి వరకు కళావిద్య ఉండాలన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడలు వద్దన్నది. కాగితం మీద లోపం లేదు. లోపం జనవరి నెలలో ఉపాధ్యాయుల గదిలో జరిగే ఆ చిన్న సంభాషణలో ఉంది. "మీ పీరియడు ఇస్తారా?" అన్న ఆ ప్రశ్నకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు, అడగకుండా ఉండటానికీ అక్కరలేదు. ఉద్యోగంలో ఉన్న నా సోదర తెలుగు ఉపాధ్యాయులకు నా మనవి ఇంతే. ఆ పీరియడు అడగకండి. వీలైతే మీ పీరియడులో ఒకటి ఏడాదికి ఒక్కసారి డ్రాయింగు మాస్టారికి ఇచ్చి, పిల్లలను చెట్టు కిందికి పంపి, చూసినది గీసి, గీసినది నాలుగు వాక్యాలలో రాయమనండి. స్వభావోక్తికి అంతకన్న మంచి పునశ్చరణ లేదు.

మా డ్రాయింగు మాస్టారు కూడా విశ్రాంతి తీసుకుంటున్నారు. నెలకొకసారి నా బొమ్మలు పట్టుకొని వారి ఇంటికి వెళతాను. వారు కళ్ళజోడు తుడుచుకొని, "ఆకాశం నేలా కలిసే గీత మీ కంటి ఎత్తులో ఉండాలండీ" అని ఓపికగా దిద్దుతారు. ఒకనాడు ధైర్యం చేసి ఆ పీరియళ్ళ సంగతి ఎత్తాను. వారు తలెత్తకుండానే, "పరీక్షలు కదండీ, ఏం చేస్తాం" అన్నారు. కాసేపటికి పెన్సిలు కింద పెట్టి, "నెలకు ఎనిమిది పీరియళ్ళు ఉండేవి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. వారు లెక్క మరచిపోలేదు.

ఆ నోటుపుస్తకం నా బల్ల మీద ఉంది. దాని సొంతదారు ఇప్పుడు ఎక్కడున్నాడో, ఏ పని చేస్తున్నాడో, ఇంకా గీస్తున్నాడో లేదో. ఒకవేళ ఈ వాక్యాలు అతని కంట బడితే, కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకొని నిలుచున్న ఆ పండితుణ్ణి గుర్తుపడతాడు. నాయనా, నీ పుస్తకం భద్రంగా ఉంది. వచ్చి తీసుకో.