జమ ఎవరి పేరున, తాళం ఎవరి చేతిలో

పుప్పాలగూడలో మేముండే అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు అమ్మాయి 2025 జులైలో ఒక సాయంత్రం కొన్ని కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. భర్త నానక్‌రాంగూడ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. పిల్లల్ని బడికి పంపి, వంటా గిన్నెలూ అయ్యాక, మళ్లీ రాత్రి వాళ్లు పడుకున్నాక, ఈమె ఒక కంపెనీకి పాఠాలు అనువాదం చేసిపెడుతుంది. "గివేందో జర చూడక్కా. కంపెనీవాళ్లు పంపిన్రు. మా ఆయన్నడిగితే పక్కన పెట్టుమన్నడు" అంది.

అవి టి.డి.ఎస్. సర్టిఫికెట్లు. ఆ ఏడాది ఆమె సంపాదన 4,80,000 రూపాయలు. అందులో 10 శాతం, అంటే 48,000 రూపాయలు, కంపెనీ ముందే కోసి ఆమె పాన్ నంబరు మీద ప్రభుత్వానికి కట్టింది. అంతకు ముందు రెండేళ్లూ కాస్త తక్కువ మొత్తాలు ఇలాగే కోశారు. "మరి రిటర్న్ వేశావా?" అని అడిగాను. "నాకు పన్నే పడదంట కదక్కా. ఇంక రిటర్న్ ఎందుకు?" అంది.

పన్ను పడదన్న మాట నిజమే. ఆ సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో 7 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకు రిబేటు ఉంది. ఆమెకు లెక్కకు 9,000 రూపాయల పన్ను వస్తుంది, రిబేటుతో అది సున్నా అవుతుంది. అయితే సున్నా అని తేలవలసింది రిటర్న్‌లోనే. పైగా ఆదాయం 3 లక్షల కనీస పరిమితి దాటింది కాబట్టి, పన్ను కట్టనక్కర్లేకపోయినా రిటర్న్ వేయడం ఆమె బాధ్యత. వేస్తే 48,000 రూపాయలూ తిరిగి వస్తాయి. వేయకపోతే ఆమె రాత్రుళ్లు మేలుకుని చేసిన పనిలో పదో వంతు ఖజానాలోనే ఉండిపోతుంది. రెండేళ్లుగా జరిగింది అదే.

ఆమె భర్త దుర్మార్గుడేమీ కాడు. పన్నుల సంగతి మగవాళ్లు చూసుకోవాలనే నమ్మకంలో ఆయన పెరిగాడు, ఆమే పెరిగింది. ఆయన రిటర్న్ మాత్రం ప్రతి ఏడూ గడువులోపలే వెళ్తుంది. ఆమె సంపాదన "చేతి ఖర్చుల డబ్బు" కాబట్టి దాని లెక్క ఎవరికీ పట్టలేదు. ఇంటి చాకిరీని శ్రమగా లెక్కించని కుటుంబం, ఇంట్లో కూర్చుని చేసే జీతపు పనిని కూడా సగం చాకిరీగానే చూస్తుంది. విచిత్రమేమిటంటే ఇక్కడ కుటుంబం లెక్కించని శ్రమను ప్రభుత్వం లెక్కించింది. ఆమె పేరున, ఆమె నంబరు మీద, పైసలతో సహా రాసిపెట్టింది. ఆ లెక్కను ఆమె ఒక్కసారైనా చూడలేదు.

ఎందుకు చూడలేదో ఆ సాయంత్రమే తెలిసింది. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో ఆమె ఖాతా తెరవబోతే, అందులో నమోదైన ఫోను నంబరు భర్తది, ఈ-మెయిలు ఆడిటరుది. పాస్‌వర్డ్ ఎవరికి గుర్తుందో తెలియదు. ఆధార్‌కు ముడిపెట్టిన నంబరు కూడా భర్తదే కాబట్టి ఓ.టి.పి. ఆయన ఫోనుకే వెళ్తుంది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేదాకా తన ఆదాయాన్ని తాను చూసుకునే వీలు లేక ఇద్దరం కూర్చున్నాం. పూర్వం ట్రంకుపెట్టె తాళంచెవి ఎవరి మొలలో ఉంటే ఆ ఇంట్లో పెత్తనం వాళ్లది. ఇప్పుడు ఆ తాళంచెవి ఆరంకెల ఓ.టి.పి. అయింది.

చట్టం ఈ విషయంలో మనకు వ్యతిరేకం కాదు. బ్రిటన్‌లో 1990 దాకా భార్య ఆదాయాన్ని భర్త ఆదాయంలో భాగంగా చూశారు. మన దేశంలో భార్యాభర్తలకు ఉమ్మడి రిటర్న్ లేదు. ఆమె జీతం ఆమెదే, దానిపై కోసిన పన్నూ ఆమె జమే. భర్త దాన్ని తన రిటర్న్‌లో వాడుకోలేడు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ ప్రకారం, భర్త తన డబ్బును ప్రతిఫలం లేకుండా భార్య పేరున పెడితే, దానిపై వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా 2025లో చేసిన కొత్త చట్టమూ ఈ సూత్రాన్ని ఉంచింది. భార్య పేరున డిపాజిట్ వేసి పన్ను తప్పించుకుందామనుకునే మగవాళ్లు ఈ సంగతి చెప్పరు. ఆ వడ్డీపై టి.డి.ఎస్. ఆమె పాన్ మీద పడుతుంది, ఆదాయం మాత్రం ఆయన రిటర్న్‌లో చూపాలి. అలాంటప్పుడు జమ ఆయనకు చేరాలంటే ఆ సంగతి ముందుగానే బ్యాంకుకు రాసివ్వాలి. ఇవేమీ చేయకుండా ఆమె పేరును వాడుకుంటే, రేపు నోటీసు వచ్చేది ఆమెకు.

దీనికి మరో వైపు కూడా తెలుసుకోవాలి. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బు, మన సంపాదనలో మిగుల్చుకున్నది మనవే. వాటిపై వచ్చే ఆదాయం భర్త ఆదాయంలో కలవదు. ఏ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే కాగితం మన దగ్గర ఉండాలి. పన్నుల కోసమే కాదు, కాపురం చెడిన రోజున కోర్టులో కూడా ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇది ఆకాశహర్మ్యాల్లో ఉండేవాళ్ల గొడవ అనుకోవద్దు. ఆ భవనాల్లో నేల తుడిచే స్త్రీలకూ ఇది తగులుతుంది. హౌస్‌కీపింగ్ ఏజెన్సీల కింద పనిచేసే స్త్రీలు కాన్పుకో, పిల్లల జబ్బుకో, ఏజెన్సీ మారినందుకో అయిదేళ్లు నిండకుండానే పని మానేసి, పి.ఎఫ్. డబ్బు తీసుకుంటారు. ఆ మొత్తం 50,000 రూపాయలకు చేరితే పన్ను కోస్తారు. పాన్ ఇస్తే 10 శాతం, ఇవ్వకపోతే 2023 ఏప్రిల్ నుంచి 20 శాతం. 60,000 రూపాయలు తీసుకునే స్త్రీకి పాన్ ఇవ్వనందుకు 12,000 రూపాయలు పోతాయి, పైగా ఆ కోత ఏ పాన్ కిందా జమ కాదు కాబట్టి తిరిగి అడగడమూ గగనమే. పాన్ ఉండి, పన్ను పడేంత ఆదాయం లేదని ముందే డిక్లరేషన్ ఇస్తే అసలు కోతే ఉండదు. ఈ మాట ఆమెకు చెప్పేదెవరు? ఏజెన్సీ చెప్పదు. మన సంఘాలు చెప్పాలి.

ప్రభుత్వం ఒకప్పుడు స్త్రీలకు ప్రత్యేక రాయితీలు ఇచ్చింది. 2000 బడ్జెట్‌లో స్త్రీలకు 5,000 రూపాయల దాకా పన్ను రిబేటు పెట్టారు. 2005లో దాన్ని తీసేసి, కనీస పరిమితిని మగవాళ్లకు లక్ష, స్త్రీలకు 1,35,000 చేశారు. 2012 బడ్జెట్‌తో ఆ తేడా కూడా పోయింది. అది పోయిందని బాధపడేవాళ్లున్నారు. నేను అంతగా బాధపడను. రాయితీ ఇచ్చిన ప్రభుత్వమే దాన్ని తీసేయగలదు. జమ అలాంటిది కాదు, అది మన సొమ్ము. రిఫండ్ ఆలస్యమైతే ప్రభుత్వం వడ్డీ ఇచ్చేది కూడా అందుకే. 2025 ఫిబ్రవరిలో లోక్‌సభలో పెట్టిన కొత్త బిల్లులో గడువు దాటి రిటర్న్ వేస్తే రిఫండ్ రాదనే నిబంధన ఉండింది. సెలెక్ట్ కమిటీ వద్దన్నాక దాన్ని తొలగించారు. అది ఉండి ఉంటే మొదట నష్టపోయేది మా కింది అంతస్తు అమ్మాయి లాంటివాళ్లే.

అందుకే కొన్ని పనులు మనమే చేసుకోవాలి. పోర్టల్‌లో, ఆధార్‌లో మన ఫోను నంబరు పెట్టించుకోవాలి. ఇంతకాలం ఫారం 26 ఏఎస్ అని పిలిచిన వార్షిక పన్ను ప్రకటనను తెరిచి, సర్టిఫికెట్లతో సరిపోల్చాలి. జమ అడిగితే ఆ ఆదాయాన్ని కూడా అదే సంవత్సరం రిటర్న్‌లో పూర్తిగా చూపాలి, లేకపోతే లెక్క కుదరదు. కోసిన పన్ను ప్రకటనలో కనిపించకపోతే, కోసినవారు పాన్ తప్పు రాశారేమో అడిగి సరిచేయించాలి. వాళ్లు కోసి ప్రభుత్వానికి కట్టకపోతే, ఆ పన్నును మళ్లీ మన దగ్గర వసూలు చేయకూడదని 1961 చట్టం 205వ సెక్షన్ చెబుతుంది. రిఫండ్ మన పేరున ఉన్న, పోర్టల్‌లో ముందే ధృవీకరించిన బ్యాంకు ఖాతాకే తెప్పించుకోవాలి. రిటర్న్ వేశాక 30 రోజుల్లోగా వెరిఫై చేయాలి.

రిఫండ్ ఎక్కువ తెప్పిస్తాం, కమిషన్ ఇవ్వండి అనేవాళ్లను దగ్గరికి రానివ్వద్దు. లేని మినహాయింపులు చూపి రిటర్నులు వేసే ఏజెంట్లపై 2025 జులైలో దేశమంతటా తనిఖీలు జరిగాయి. ఓ.టి.పి. చెప్పడమంటే సంతకం పెట్టడమే. చదవని కాగితం మీద సంతకం పెట్టి అన్నదమ్ములకు భూములు వదిలేసిన స్త్రీలను ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలామందిని చూశాం. ఫోను మీద కూడా అదే తప్పు చేయవద్దు.

కింది అంతస్తు అమ్మాయి ఆ రాత్రే భర్తతో మాట్లాడి పోర్టల్‌లో నంబరు మార్పించుకుంది. ఆ ఏడాది రిటర్న్ నా ఎదుట కూర్చుని తనే వేసింది. 48,000 రూపాయలూ వచ్చాయి. పాత రెండేళ్లకు గడువు దాటింది. అయినా దారి మూసుకుపోలేదు. 2024 అక్టోబరు 1 నాటి కేంద్ర ప్రత్యక్ష పన్నుల మండలి సర్క్యులర్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన అయిదేళ్లలోపు, ఆలస్యానికి నిజమైన కారణం చూపి, మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. కారణం ఏమని రాయాలని నన్నడిగింది. "ఉన్నది ఉన్నట్టు రాయి. నా ఖాతా నా చేతిలో లేదు, నాకెవరూ చెప్పలేదు అని రాయి" అన్నాను.

ప్రతి సంఘం ఏటా జూన్‌లో ఒక రోజు పెట్టుకుని, స్త్రీలంతా తమ తమ ఫోన్లలో తమ పన్ను ప్రకటన తెరిచి చదువుకునేలా చేస్తే బాగుంటుంది. ఏమీ లేకపోతే లేదని తెలుస్తుంది. ఉంటే, అది ఎవరిదో తెలుస్తుంది.