వైద్యుని ఋణము

2020 డిసెంబరులో మన యేలూరున జనులు నడివీధిలో మూర్ఛవచ్చి కూలిపోయిన దినములను పాఠకులు మఱచియుండరు. ఆఱువందలకు పైగా రోగులు ఆసుపత్రి పాలైరి. ఢిల్లీనుండియు హైదరాబాదునుండియు నిపుణులు వచ్చిరి. రక్తమున సీసము, నికెలు కనబడుచున్నవనిరి. ఆ వారమున వైద్యుడు చెప్పినదెల్ల వేదవాక్యముగ నుండెను. అట్టి సమయమున నొక పరదేశపు వైద్యుడు వచ్చి, ప్రాణములు నిలిపి, పిమ్మట కొల్లేటిని తన దేశపు కంపెనీకి వ్రాసియిమ్మనిన, వలదనుటకు నోరెత్తువా రెందఱు? ఇది పరిహాసము కాదు. కొరియా దేశమున నిట్టి కథ జరిగినది.

హొరేస్ ఆలెన్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రమువాడు, ప్రెస్బిటీరియను సంఘపు వైద్య మిషనరీ. 1884 సెప్టెంబరులో సియోల్ చేరెను. అచ్చట నప్పటికి మతప్రచారమునకు సెలవు లేనందున అమెరికా రాయబార కార్యాలయపు వైద్యుడను పేరున నిలిచెను. డిసెంబరు 4వ తేదీ రాత్రి రాజధానిలో తిరుగుబాటు చెలరేగి, రాణికి బంధువగు మిన్ యోంగ్ ఇక్ కత్తివేటులచే చావుబ్రదుకుల నడుమ పడెను. ఆలెన్ గాయములు కుట్టి, నెలల తరబడి కనిపెట్టి, బ్రదికించెను. ఇందు వంకపెట్టుటకేమియు లేదు. మఱుసటి యేడే రాజుగారి సెలవుపై ఆసుపత్రి వెలసెను.

1887లో రాజు వాషింగ్టనునకు రాయబారిని పంపినపుడు కొరియా పక్షమున కార్యదర్శిగా వెంట నడచినవాడు ఈ వైద్యుడే. 1890లో నాతడే అమెరికా పక్షమున కార్యదర్శి. 1897లో సియోల్‌లో అమెరికా రాయబారి! మేము కోర్టులలో తిరుగువారము. వాదికి వకాలతు పుచ్చుకొని, అతని యింటిగుట్టు నెఱిగిన ప్లీడరు మఱునాడు ప్రతివాదికి వకాలతు దాఖలు చేసిన, ఏ న్యాయాధిపతి యూరకుండును? రాజ్యవ్యవహారముల కా నియమము లేదు కాబోలు.

1895లో ఉన్సాన్ బంగారు గనుల హక్కు మోర్స్ అను అమెరికా వర్తకునకు దక్కెను. 1896లో సియోల్ నుండి రేవునకు వేయు ఇనుపదారి హక్కును అతనికే. రెంటను నడుమ నిలిచినవాడు ఆలెన్. గనులు 1939 వఱకు అమెరికావారి చేతనుండెను; ఇనుపదారి హక్కును మోర్స్ దొర జపానువారికే యమ్ముకొనెను. హవాయి చెఱకుతోటలకు కూలీల నంపుటకును ఆలెన్ తోడ్పడగా, 1903 జనవరిలో మొదటి యోడ హొనొలులు చేరెను. మన రేవులనుండి బర్మాకును మారిషసునకును తరలినవారి నెఱిగిన మనకు ఆ యోడ సంగతి విడమఱచి చెప్పనక్కఱలేదు.

ఆలెన్ పక్షమునను చెప్పవలసినది కలదు. అమెరికా ధనము కొరియాలో పాతుకొనిన, జపాను దౌర్జన్యమున కమెరికాయే అడ్డుపడునని యాతడు నమ్మెను. 1903లో అధ్యక్షుడు రూజ్వెల్టు నెదుట జపాను పక్షపాతము తగదని వాదించెను కూడ. ఫలమేమి? 1905లో నాతనిని పదవినుండి తొలగించిరి. ఆ నవంబరులోనే కొరియా జపాను సంరక్షణ క్రిందికి పోగా, అమెరికా తన రాయబార కార్యాలయమును మూసివేసెను. ఆపదలో నడుమనిలిచి సాయపడుదుమని 1882 సంధిలో వ్రాసిన మాట కాగితముననే యుండెను. 1910లో దేశమే జపానులో కలిసిపోయెను. ఇచ్చినవి తిరిగి రాలేదు. ఆశించిన రక్షణయు రాలేదు.

మిషనరీ యైనందుననే యిట్లు జరిగెననుట మా తాత్పర్యము కాదు. ఆలెన్ కంటె నొకయేడు ముందు, 1883లో, అన్నా కుగ్లర్ దొరసాని గుంటూరునకు వచ్చెను. ఆమె మతమునుగూర్చి మా యభిప్రాయ మేమైనను కానిండు. 1930లో కన్నుమూయువఱకు నామె వైద్యురాలుగనే యుండెను. ఆమె చేసిన చికిత్సకు కృతజ్ఞతగా, మన యేలూరి జమీందారు భుజంగరావుగారు ఆమె ఆసుపత్రి చెంత, రోగుల బంధువులు దిగుటకై సత్రము కట్టించి యిచ్చిరి.