చీపురు ఎవరి చేతిలో?

విదేశీ బడుల గురించి రాసేటప్పుడు మన విద్యావేత్తలకు ర్యాంకులూ పరీక్షలూ పుస్తకాల బరువూ కనిపిస్తాయి. గది ఊడ్చేదెవరు, అన్నం వడ్డించేదెవరు అన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

జపాన్ ప్రాథమిక బడుల్లో మధ్యాహ్న భోజనాన్ని తరగతికి మోసుకొచ్చి వడ్డించేది పిల్లలే. గదులూ వరండాలూ ఊడ్చి తుడిచేదీ వాళ్లే. ఆడా మగా అందరికీ వంతులుంటాయి. ఎంత క్రమశిక్షణో అని మురిసిపోతాం. కానీ అదే దేశంలో 1994 దాకా హైస్కూల్లో గృహవిజ్ఞానం ఆడపిల్లలకే తప్పనిసరి. దానిమీద స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. స్త్రీలపై వివక్ష నిర్మూలన కోసం ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని 1985లో ఆమోదించాక ప్రభుత్వానికి పాఠ్యప్రణాళిక మార్చక తప్పలేదు. అబ్బాయిలూ వంటా కుట్టూ నేర్చుకోవలసి వచ్చింది. ఇది ఏ ప్రాచీన సంస్కృతో ఇచ్చిన కానుక కాదు, స్త్రీలు కొట్లాడి సాధించుకున్నది.

అక్కడ ఇంటిచాకిరీ ఇప్పటికీ ఎక్కువగా ఆడవాళ్లదే కదా అంటారు. నిజమే. మగవాణ్ణి రాత్రిదాకా ఆఫీసులో కట్టిపడేసే ఉద్యోగ వ్యవస్థను బడిలో ఒక్క పాఠం కూల్చలేదు. అలాగని ఆ పాఠమే వద్దందామా?

ఆ ఒప్పందాన్ని మన దేశమూ 1993లో ఆమోదించింది. అయినా మన బడుల్లో ఊడ్చే పని ఆడపిల్లలకో దళిత పిల్లలకో చెప్పడం మనలో ఎవరికి తెలియదు? జపాన్ చీపురొక్కటే తెచ్చుకుంటే అది మళ్లీ ఆ చేతుల్లోకే వెళ్తుంది. ముందు వంతుల పట్టిక తెచ్చుకుందాం. అందులో ఏ కులం అబ్బాయి పేరూ తప్పిపోకుండా చూద్దాం.