రికమెండేషన్‌లో రాని సినిమాలు: నేను వెతుక్కుని చూసినవి

ఫోన్ రివ్యూల్లో డిస్‌ప్లే టెస్ట్ అనగానే మనం చూసేవి ఏంటి? రంగురంగుల చేపలు, ఏదో సిటీ నైట్ లైట్లు, కాదంటే సూపర్‌హీరో ట్రైలర్. కొత్త ఫోన్ కొన్న ప్రతిసారీ నేనూ అదే చేసేవాణ్ని. ఇప్పుడు మాత్రం 'కేరాఫ్ కంచరపాలెం' పెడుతున్నా. పది నిమిషాలు చాలు. స్పీకర్‌లో మాట స్పష్టంగా వినబడుతుందా, చీకటి సీన్లో మొహం కనబడుతుందా అన్నది తేలిపోతుంది.

ఆ సినిమానే ఎందుకంటే కొంచెం స్వార్థం ఉంది. మాది చోడవరం. వైజాగ్ వెళ్తే ఎన్‌ఏడీ దాటాక వచ్చేదే కంచరపాలెం. 2018లో వెంకటేష్ మహా తీసిన ఈ సినిమాలో చాలామంది ఆ ఊరివాళ్లే, అంతకుముందు కెమెరా ముందు నిలబడనివాళ్లే. మా యాసని చిన్నప్పటి నుంచి సినిమాల్లో కమెడియన్ నోటే విన్నా. బీటెక్ మొదటి సంవత్సరంలో నేను "ఏటి" అంటే క్లాసంతా నవ్వారు. నెల తిరక్కుండానే "ఏంటి" అనడం నేర్చేసుకున్నా. ఇక్కడేమో 49 ఏళ్లొచ్చినా పెళ్లికాని అటెండర్ రాజు ఆ యాసలోనే ప్రేమలో పడతాడు. అందులో వెటకారం లేదు. మా అమ్మ కాసేపు నా భుజం మీదుగా చూసి, "అచ్చు మీ పెదనాన్నలాగే మాట్లాడతన్నాడ్రా" అని ఫోన్ లాక్కుంది. ఆ పూటకి ఫోన్ మళ్లీ నా చేతికి రాలేదు.

అయితే ఈ సినిమా గురించి నాకు ఏ యాపూ చెప్పలేదు, హాస్టల్ రూమ్మేట్ చెప్పాడు. నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కాబట్టి యాప్ మీద మరీ కోపం తెచ్చుకోలేను. మీలాంటివాళ్లు ఏం చూశారో లెక్కేసి మీకు చూపించడమే రికమెండేషన్ సిస్టమ్ పని. ఎవరూ చూడని సినిమాకి డేటా ఉండదు, డేటా లేదు కాబట్టి ఎవరికీ చూపించదు. దీన్నే కోల్డ్ స్టార్ట్ సమస్య అంటాం. వంద కోట్ల సినిమాకి పోస్టర్లు, ఇంటర్వ్యూలు, ఫ్యాన్స్ కలిసి ఆ మొదటి తోపు తోస్తారు. చిన్న సినిమాకి మన సెర్చ్ బాక్సే దిక్కు. పేరు టైప్ చేసి వెతకండి, నచ్చితే చివరిదాకా చూడండి. సగంలో ఆపితే సిస్టమ్ దాన్ని కూడా లెక్కలో వేసుకోవచ్చు.

అలా వెతికితే దొరికినవాటిలో మన సైట్ చదివేవాళ్లు తప్పకుండా చూడాల్సింది 'మెయిల్'. 2021 సంక్రాంతికి ఆహాలో వచ్చింది, డైరెక్టర్ ఉదయ్ గుర్రాల. కంబాలపల్లి అనే తెలంగాణ పల్లెకి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులు. ప్రియదర్శి గేమ్ సెంటర్ నడుపుతుంటాడు. కంప్యూటర్ పిచ్చితో వచ్చిన రవి అనే కుర్రాడికి డబ్బొచ్చిందని ఒక మెయిల్ వస్తుంది, వాడు నమ్మేస్తాడు.

దీన్ని నేను కామెడీ అనుకుని పెట్టా. దానికి నెల ముందే మా నాన్నకి "కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం" అని మెసేజ్ వచ్చింది. ఆయన ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే అవతలివాడు ఏదో యాప్ వేసుకోమన్నాడు. లక్కీగా ఆ రోజు నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నా. ఫోన్ లాక్కుని, అంత తెలీదా అని గట్టిగా అరిచేశా. చెరకు తోటలో నలభై ఏళ్లు లెక్క తప్పకుండా బతికిన మనిషి, రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. సినిమా అయ్యాక మాత్రం తనే అన్నాడు: "ఈడి తప్పేటుందిరా, కంప్యూటర్ చెప్పిందంటే నమ్మడా మరి?" నేనేం మాట్లాడలేదు. ఇప్పుడు అనుమానం మెసేజ్ ఏదొచ్చినా ఫోన్ తెచ్చి నాకే చూపిస్తున్నాడు. ఆ సినిమా రవిని చూసి నవ్వలేదు. నేను నాన్న మీద అరిచా. తేడా అక్కడే ఉంది.

'మల్లేశం' (2019) ఇంజనీర్లు చూడాల్సిన సినిమా. చింతకింది మల్లేశం పోచంపల్లి చీరల కోసం ఆసు యంత్రం తయారుచేసిన మనిషి, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆరో తరగతితో బడి ఆగిపోయిన ఆయన, దారం చుట్టీ చుట్టీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక చేసిన మెషీన్ అది. మా ఆఫీసులో యూజర్ పెయిన్ పాయింట్ అని స్లైడ్లు వేస్తుంటారు, ఆ మీటింగుల్లో నాకు ఈ సినిమానే గుర్తొస్తుంది. 'సినిమా బండి' సరదాగా ఉంటుంది. ఆటోలో దొరికిన కెమెరాతో ఊరివాళ్లు సినిమా తీసేయడానికి బయల్దేరతారు. కెమెరా స్పెసిఫికేషన్ల గురించి కొట్టుకునేవాళ్లకి నేను పంపించే లింక్ ఇదే.

చిన్న సినిమా కాబట్టి బాగుందనే అనాలి అన్న లెక్క మాత్రం నాకు నచ్చదు. జీ5లో వచ్చిన 'లూజర్'లో మూడు కాలాల ముగ్గురు క్రీడాకారుల కథలు పక్కపక్కనే నడుస్తాయి, ఐడియా బ్రహ్మాండం. కానీ కొన్ని ఎపిసోడ్లు నాకు సాగదీసినట్టే అనిపించాయి. 'పలాస 1978'లో శ్రీకాకుళం మాట, కులం గురించి సూటిగా మాట్లాడిన తీరు గుర్తుండిపోతాయి, నరుకుళ్లు మాత్రం నాకు ఎక్కువైపోయాయి.

కొనేవాళ్లకి ఒక మాట. వైడ్‌వైన్ ఎల్1 లేని ఫోన్లలో చాలా ఓటీటీ యాప్‌లు ఎస్‌డీ క్వాలిటీ దాటనివ్వవు. బాక్స్ మీద ఎంత మంచి అమోలెడ్ రాసినా లాభం లేదు. కొనేముందు అది చూసుకోండి.

నన్ను నిజంగా భయపెడుతున్నది వేరే విషయం. ఒక యాప్‌లో వాచ్‌లిస్ట్‌లో పెట్టుకున్న సినిమా పోయిన నెల చూద్దామంటే లేదు. హక్కుల గడువు అయిపోయిందేమో, చెప్పేవాళ్లు లేరు. పెద్ద సినిమా అయితే ఇంకో యాప్‌లో తేలుతుంది. చిన్నదానికి ఆ గ్యారంటీ లేదు. నీలకంఠ తీసిన 'షో' (2002) సినిమా అంతా దాదాపు ఇద్దరే మనుషులు, మంజుల, సూర్య. స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ తెలుగు చిత్రం అవార్డూ వచ్చింది. అలాంటి సినిమాని నేను చూసింది మసక ప్రింట్‌లో, 120 హెర్ట్జ్ స్క్రీన్ మీద, బొటనవేలంత కనబడుతున్న మొహాలతో. మంచి ప్రింట్ ఎక్కడైనా కనబడితే మా అమ్మకి పెట్టాలి. ఫోన్ ఎలాగూ లాక్కుంటుంది.