తొలి మ్యాచ్‌తో లెక్క తేలదు

సంపాదకులకు,

2022 అక్టోబర్ 9న పుణెలో ముంబై సిటీతో జరిగే తొలి మ్యాచే హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ సీజన్‌ను తేల్చేస్తుందని మీ క్రీడా పేజీ వ్యాసకర్త రాశారు. ఒప్పుకోలేను.

గత సీజన్ గుర్తుచేసుకోండి. 2021 నవంబర్ 23న చెన్నైయిన్ చేతిలో 0-1తో ఓడాం. అదీ కోమన్ కొట్టిన పెనాల్టీతో. నాలుగు రోజులకే అప్పటి చాంపియన్ ముంబైని 3-1తో చిత్తు చేశాం. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ పసుపు జెర్సీలే. 68వ నిమిషంలో వాళ్ల రాహుల్ గోల్‌తో వెనకబడ్డాం. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి బంతిని నేల తాకనివ్వకుండా వలలోకి కొట్టాడు! ఆపై షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు మనది.

ఈ 2022-23 సీజన్‌లో నాకున్న దిగులల్లా కుడివైపు డిఫెన్స్ గురించే. ఆశీష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు, ఆ లోటు చిన్నది కాదు. కానీ నిరుడు 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచె ఉన్నాడు, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా ఉన్నాడు, అన్నిటికీ మించి కుర్రాళ్లను నమ్మే కోచ్ మనోలో ఉన్నారు. ముంబైతో డ్రా అయినా నాకు సంతోషమే. ఓడినా కంగారుపడను. వ్యాసకర్తగారు కనీసం సంక్రాంతి దాకా ఆగి తీర్పు రాయాలని నా మనవి.

– హైదరాబాద్ ఎఫ్‌సీ అభిమాని, లింగంపల్లి