పాత ఆటలు, కొత్త యంత్రాలు

తాళపత్ర గ్రంథానికి ఒక అదృష్టం ఉంది. ఎన్ని తరాలు అటక మీద పడి ఉన్నా, చెదలు పట్టకపోతే చాలు, లిపి తెలిసినవాడు దీపం వెలుగులో దానిని చదువుకోగలడు. నన్నెచోడుని కుమారసంభవం ప్రథమభాగం శతాబ్దాల అజ్ఞాతవాసం తరువాత 1909లో మానవల్లి రామకృష్ణకవి కృషితో అచ్చులోకి వచ్చింది. కంప్యూటరు ఆటకు అటువంటి అదృష్టం లేదు. ఆట నిక్షిప్తమైన ఫ్లాపీ చెక్కుచెదరకుండా ఉండవచ్చు, అందులోని సమాచారమంతా భద్రంగానే ఉండవచ్చు. కాని దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ మారిపోయిన నాడు ఆ ఆట ఉండీ లేనిదే అవుతుంది. ఆటలే కదా, పోతే పోనిమ్మని కొందరు పెద్దలు అంటారు. వారితో నేను ఏకీభవించను. తోలుబొమ్మలాటను, వీథిభాగవతాన్ని చిన్నచూపు చూసిన కాలం మనకూ ఒకటి ఉండేది. ఆ చిన్నచూపు వల్ల ఎంత వాఙ్మయం నశించిందో లెక్క తేల్చడం నేడు ఎవరి తరమూ కాదు.

పాత ఆట కొత్త యంత్రం మీద ఎందుకు నడవదు? 1981లో వెలువడిన ఎమ్.ఎస్. డాస్ వ్యవస్థలో ఒకసారి ఒక కార్యక్రమం మాత్రమే నడిచేది. ఆట మొదలైతే యంత్రమంతా దాని ఏలుబడిలోకి వచ్చేది. తెర మీద బొమ్మ గీయాలన్నా, శబ్దం పలికించాలన్నా ఆట నేరుగా ఆయా పరికరాలతోనే మాట్లాడేది. 640 కిలోబైట్ల జ్ఞాపకశక్తిలో అంతటినీ ఇమడ్చడానికి ఆనాటి రూపకర్తలు పడిన పాట్లు, యతిప్రాసలు తప్పకుండా వృత్తంలో భావాన్ని ఇమిడ్చే కవి పడే పాట్ల వంటివే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.తో ఇళ్ళలోని కంప్యూటర్ల పద్ధతి మారింది. ఏ కార్యక్రమమూ పరికరాలను సూటిగా తాకరాదు. ప్రతిదానికీ ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతి పొందాలి. భద్రత దృష్ట్యా ఈ కట్టుబాటు సమంజసమైనదే. 32 బిట్ల విండోస్‌లో డాస్ కార్యక్రమాల కోసం ఒక పెరటి వాకిలి మిగిల్చారు. 64 బిట్ల విండోస్‌లో అదీ మూసుకుపోయింది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. కాబట్టి డాస్ నాటి ఆటను తెరవబోతే, ఇది ఇక్కడ నడవదన్న తిరస్కారం తప్ప మరేమీ కనిపించదు.

వేగం మరొక చిక్కు. కొన్ని పాత ఆటలు కాలాన్ని గడియారంతో కాక ప్రాసెసరు వేగంతో కొలిచేవి. యంత్రం వేగం పెరిగినకొద్దీ ఆటలోని శత్రువు కన్ను మూసి తెరిచేలోగా మీద పడతాడు. విండోస్ ఎక్స్.పి.తో పాటు వచ్చిన పిన్‌బాల్ ఆటను మీ అన్నలో, అక్కలో, మేనమామలో ఆడి ఉంటారు. ఆ ఆట తన బొమ్మను యంత్రం చేయగలిగినంత వేగంగా తిరిగి తిరిగి గీసేది. కొత్త కంప్యూటర్లు వచ్చేసరికి అది సెకనుకు వేల సార్లు గీస్తూ యంత్రం శక్తినంతా వృథా చేయసాగింది. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ దానికి సెకనుకు 100 సార్లు అన్న హద్దు పెట్టారు. తరువాత 64 బిట్ల విండోస్‌కు మార్చబోయినప్పుడు, బంతి అడ్డంకులకు తగిలి వెనుదిరగక వాటి గుండా దూసుకుపోయింది. లోపం ఎక్కడుందో వెతుకుదామంటే, ఆ ఆట వేరొక సంస్థ ఏనాడో రాసి ఇచ్చినది. అందులో వివరణ వాక్యాలు లేవు. అది ఎవరికీ కొరుకుడు పడలేదు. ఫలితంగా విండోస్ విస్టాలో పిన్‌బాల్‌కు చోటు దక్కలేదు. మల్లినాథసూరి వ్యాఖ్యానం లేకుండా కాళిదాసును చదవబోయిన వారికి ఆ ఇంజనీర్ల అవస్థ సులభంగా బోధపడుతుంది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 1989లో విల్ రైట్ రూపొందించిన సిమ్‌సిటీ నగర నిర్మాణానికి సంబంధించిన ఆట. దాని విండోస్ రూపంలో ఒక దోషం ఉండేది. తాను వాడుకుని వదిలివేసిన జ్ఞాపకశక్తి భాగాన్నే మరల చదవబోయేది. ఇల్లు ఖాళీ చేసి తాళం అప్పగించినవాడు మరునాడు వచ్చి అదే ఇంట్లో తన చెంబు కోసం వెతకడం వంటిదిది. పాత విండోస్‌లో ఆ ఇంట్లోకి ఇంకెవరూ దిగేవారు కాదు గనుక చెంబు దొరికేది. విండోస్ 95లో దొరకలేదు, ఆట కుప్పకూలింది. మైక్రోసాఫ్ట్ వారు ఏం చేశారంటే, నడుస్తున్నది సిమ్‌సిటీయే అయితే వదిలిన భాగాన్ని వెంటనే మరొకరికి ఇవ్వకుండా విండోస్‌లోనే ప్రత్యేకమైన ఏర్పాటు చేశారు. తప్పు ఆటది, సర్దుబాటు వ్యవస్థది. అమ్మకాల మీద ఆశ కూడా ఈ ఔదార్యానికి కారణమే అనుకోండి. అయినా, చేసిన మేలును మేలనే అనాలి.

వాణిజ్య సంస్థలు ఎల్లకాలమూ ఇటువంటి బాధ్యత మోయవు. ఆ బరువును స్వచ్ఛందంగా తలకెత్తుకున్న వారు వేరే ఉన్నారు. 2002లో మొదలైన డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేటి కంప్యూటరు లోపల ఊహామాత్రమైన ఒక పాత కంప్యూటరును సృష్టిస్తుంది. పాత ప్రాసెసరును, పాత తెరను, ఆనాటి సౌండ్ బ్లాస్టర్ శబ్ద పరికరాన్ని అది అభినయిస్తుంది. ఆట ఉన్న ఫోల్డరును సి డ్రైవుగా చూపి, ప్రాసెసరు వేగాన్ని ఆటకు తగినట్లు తగ్గించుకుంటే, ఆట తాను 1990లోనే ఉన్నానని నమ్మి నడుస్తుంది. పాత ఆటకు కొత్త రంగులద్ది మళ్ళీ అమ్మే పునర్నిర్మాణాల కన్నా నాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. తిరగరాసిన కథ ఎంత రమ్యంగా ఉన్నా మూలప్రతి కాజాలదు.

అయితే సాంకేతికమైన అడ్డంకి కన్నా గట్టి అడ్డంకి ఒకటుంది. నకళ్ళను అరికట్టడానికి 1990ల చివరి నుండి అనేక ఆటల సీడీలకు సేఫ్‌డిస్క్ అనే తాళం వేశారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ లోతుల్లో పనిచేసేది. అక్కడి నుండే దుండగులు చొరబడే ప్రమాదం బయటపడింది. 2015లో విండోస్ 10 దానిని అనుమతించడం మానివేసింది. అదే ఏడాది పాత విండోస్‌లలోనూ దానిని నిలిపివేశారు. నిర్ణయంలో దోషం లేదు. కాని ఫలితం చూడండి: డబ్బు పెట్టి సీడీ కొన్న నిజాయితీపరుడి ఆట ఆగిపోయింది, తాళం పగులగొట్టిన నకలు మాత్రం నడుస్తూనే ఉంది!

రూపకర్త చేతిలోనే మూలం మాయమైన సందర్భాలూ ఉన్నాయి. మన ఊళ్ళలోని కంప్యూటరు శిక్షణ కేంద్రాలలో ఒకప్పుడు విరివిగా ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాను జోర్డాన్ మెక్నర్ 1989లో ఆపిల్ 2 కంప్యూటరు కోసం రాశారు. దాని మూలరచన పోయిందనే ఆయన చాలాకాలం అనుకున్నారు. 2012లో తండ్రికి ఒక పెట్టెలో పాత ఫ్లాపీలు దొరికాయి. నిపుణుల సాయంతో వాటిని చదివించి, ఆయన ఆ మూలరచనను అందరికీ అందుబాటులో ఉంచారు. అందరు రూపకర్తలకూ ఇటువంటి తండ్రులు ఉండరు.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం నేడు అంగట్లో దొరకవని 2023లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. అమ్మేవారు లేరు, ఇవ్వబోయే వారికి చట్టం అడ్డు. అక్కడ సంస్థల పేరిట ఉన్న కృతులకు ప్రచురణ నుండి 95 సంవత్సరాల వరకు హక్కులుంటాయి. అంటే, 1989 నాటి ఆటకు 2084 వరకు. గ్రంథాలయాలలోని ఆటలను పరిశోధకులు దూరం నుండి పరిశీలించడానికి వీలు కల్పించాలని కోరితే, వినోదానికి వాడుకుంటారన్న శంకతో 2024లో అక్కడి కాపీరైట్ కార్యాలయం నిరాకరించింది. నవలను వినోదం కోసం చదువుతారని ఏ గ్రంథాలయమైనా బీరువాకు తాళం వేస్తుందా? మన 1957 నాటి చట్టంలోని 52వ సెక్షను, సక్రమంగా పొందిన సాఫ్ట్‌వేర్‌ను దాని ప్రయోజనానికి వాడుకోవడానికీ, నష్టపోకుండా కాపాడుకోవడానికీ నకలు తీసుకోనిస్తుంది. కొన్నవాడికి ఆ మాత్రం ఊరట ఉంది. హక్కుదారుడు అమ్మడం మానివేసి పదేళ్ళు దాటిన ఆటల విషయంలో గ్రంథాలయాలకూ ఇటువంటి స్వేచ్ఛ ఉండాలని నా అభిప్రాయం.

ఇది ఆటలతో ఆగే సమస్య కాదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డి.టి.పి. కేంద్రాలలో కూర్చిన తెలుగు పుస్తకాల ఫైళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆనాటి ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే వాటిలో తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు ఉన్నాయి కాని, వత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడుతుంటాయి. మారిన ప్రతిని అచ్చు పుస్తకంతో పోల్చి, పేజీ పేజీనా ఒకరు కూర్చుని దిద్దవలసి వస్తున్నది.