మందు కొట్టువాని చేతిలో ఫోను



పురుగుమందు కొట్టు కూలీల క్షేమమునకై సెల్‌ఫోనులలో యాపులు వచ్చుచున్నవి. గ్లవుసులు తొడిగితివా, ముక్కునకు మాస్కు కట్టితివా, గాలి యే దిక్కున వీచుచున్నది అని వరుసగా ప్రశ్నించి, జవాబులను భద్రపఱచుట వీని పని. మన సంఘము కూడ నట్టిదానిని కొనవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. కొనకముందే, నేను చూచినదానిని మీకు నివేదింపవలసి యున్నది.

గడచిన భాద్రపదమాసమున నొక పత్తిచేని గట్టున నిలిచి, ముగ్గురు కూలీలచే నట్టి యాపు నొకదానిని వాడించితిని. పదిగంటల యెండ. తెరమీది యక్షరములు కానరాక మొదటివాడు ఫోనును తువాలు చాటునకు దెచ్చుకొనెను. రెండవవాడు గ్లవుసుతో నెంత నొక్కినను తెర పలుకలేదు. ఆ తెర వ్రేలి చర్మము తాకిడిని గుర్తించునే కాని రబ్బరు తొడుగును గుర్తింపదు. అతడేమి చేసెను? మందు తడిసిన యెడమ గ్లవుసుతో ఫోను పట్టుకొని, కుడి గ్లవుసు నూడదీసి, వట్టివ్రేలితో నొక్కెను. పిమ్మట నా ఫోను చెవికి చేరెను. సాయంకాలమున నదియే పిల్లల చేతబడును గదా! చేతులు కాపాడుకొమ్మని చెప్పవచ్చిన సాధనమే చేతితొడుగు నూడదీయించినది.

మూడవవాని సంగతి నన్ను మఱింత కలతపెట్టినది. అతనికి గ్లవుసులే లేవు. అయినను తొడిగితినని నొక్కెను. ఏల నట్లు చేసితివని యడుగగా, "లేదని నొక్కితే ముందుకు పోనియ్యదండి, అయ్యగారూ" అనెను. రేపు వాడు చేనిలో కూలిపోయినచో, యజమాని చేత నుండు సాక్ష్యము వాని యా నొక్కుడే. మందు జల్లువారికి తగిన రక్షణవస్త్రములుండవలెనని 1971 సంవత్సరపు పురుగుమందుల నియమములు విధించినవి. వస్త్రము నిచ్చు భారము తప్పించుకొని, ఇచ్చితిమను వ్రాతను సంపాదించుటకు యాపు చక్కగా నుపకరించును. దీనిని నేను క్షేమమనజాలను.

2017వ సంవత్సరమున మహారాష్ట్రములోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టుచు సుమారు 20 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. చేను తలకు మించి యెదుగుటచే మందు మొగము మీదనే పడినదని యప్పుడు చెప్పికొనిరి. అట్టిచోట ఫోను తీసి పదునేను ప్రశ్నలకు బదులిచ్చు వాడెవడు?

డబ్బామీది రంగుల గుర్తును చూడుడు. ఎఱుపు మిక్కిలి ఘోరవిషము, తరువాత పసుపు, నీలము, చివరకు పచ్చ. చదువురాని వానికిని తెలియును. దానికి చార్జింగు లేదు, సిగ్నలు లేదు. లోపలి కరపత్రము మాత్రము చీమతలలంత యక్షరములతో నుండును. యాపు పనికివచ్చునది యచ్చటనే. ముందురాత్రి యింట కూర్చుండి, కరపత్రములోని విషయమును మన తెలుగులో బిగ్గరగా చదివి వినిపించునదైన, నేను రెండుచేతుల స్వాగతమిత్తును. డబ్బా చీటీని ఫొటో తీసి దాచునదైన మఱియు మేలు. మోనోక్రోటోఫాస్ వంటి మందులకు అట్రోపిన్ విరుగుడు, అన్నిటికిని కాదు. ఏ మందో తెలియనిదే వైద్యుడు చీకటిలో తడుములాడును. చెమటలు పోసి, చొల్లు కారి, చూపు మసకబారినవానికి ప్రశ్నలు వలదు; 108కి పోవు నొక్క పెద్ద బొత్తాము చాలును.

నేటి పడుచువాండ్రు ఫోనులో నారితేరినవారని సభ్యు డొకడు నాతో వాదించెను. నిజమే. అయినను వారి చేతులకు గ్లవుసులు తొడిగి, నీళ్లు చల్లి, మిట్టమధ్యాహ్నపు టెండలో నిలువబెట్టి యప్పుడు చూడవలెను.

కావున నా మనవి యిది. ముందుగా నా సొమ్ముతో గ్లవుసులు, మాస్కులు కొని సంఘపు గోదాములో నుంచి, సభ్యుల కూలీలకు వాడుకకిత్తము. ఫోనును గట్టుమీద శుభ్రమైన చేతులుగల యొక్కని వద్దనే యుంచవలెను. యాపు నమ్మవచ్చినవారిని ఆఫీసు గదిలో గాక చేనిలో చూపుమని యడుగుదము. ఆ దినమున స్ప్రేయరును నేనే తెత్తును.